జెండా తాతను రోడ్డు దాటించిన రోజు

జెండా తాత ఎర్రజెండా అడ్డంగా చాచగానే లారీ గుర్రుమని ఆగింది. వెనకాల స్కూటరువాడు హారన్ మీద హారన్ కొట్టాడు. తాత వాడివైపు చూడనైనా లేదు. చివరి బడిసంచీ గేటులోకి వెళ్ళేదాకా నడిరోడ్డు మీదే నిలబడి, అప్పుడు తీరిగ్గా పక్కకి తప్పుకున్నాడు.

నిజానికి అతను బడిగేటు తెరవడానికీ మూయడానికీ కుదురుకున్న కాపలావాడు. రోడ్డు సంగతి చూడమని ఎవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో ఒక పిల్లవాణ్ణి బండి గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ పూట తాతకు అన్నం సహించలేదు. మర్నాటి నుంచి తనంతట తనే రోడ్డు మీదికి దిగాడు. జెండా ఇప్పించమంటే ఆఫీసులో చూద్దామన్నారు. ఆ చూడడం ఇంకా పూర్తవలేదు. చివరికి ఇల్లాలే తన పాత ఎర్రలంగా చింపి, అంచు మడిచి కుట్టి, వెదురుకర్రకి తొడిగింది. "ఇది దేంతో కుట్టానో బయట వాగావో, నిన్ను గడప తొక్కనివ్వను" అని కూడా చెప్పింది. ఇన్నేసి బస్సులూ లారీలూ తన పెళ్ళాం లంగాకి భయపడి ఆగుతున్నాయని తల్చుకున్నప్పుడల్లా తాతకు నవ్వాగేది కాదు. శనివారం శనివారం ఆవిడ దాన్ని కర్ర నుంచి ఊడదీసి ఉతికి ఆరేసేది. ఆ రోజు శనివారమే.

బడిలో సేవాదినం కూడా ఆ రోజే. ప్రతి పిల్లా ఎవరికో ఒకరికి చేతనైన సాయం చేసి, క్లాసులో అందరి ముందూ చెప్పాలని హెడ్‌మాస్టరమ్మ ప్రార్థనప్పుడు ప్రకటించింది. ఐదో తరగతికి వృద్ధులను రోడ్డు దాటించే పని వచ్చింది. వృద్ధులు దొరకాలిగా మరి! గేటు దగ్గర కనిపించిన ముసలాయన ఒక్కడే.

రెండుజడల పిల్ల వచ్చి వేలు పట్టుకుంది.

"తాతా, నిన్ను రోడ్డు దాటిస్తాను."

"అవతల నాకేం పనుందమ్మా?"

"పని లేకపోయినా పర్లేదు. రా తాతా, ప్లీజ్!"

కాదనలేక వెళ్ళాడు. అవతల టీచరు పక్కన ఇంకో పిల్లవాడు కాచుకుని ఉన్నాడు, తాతను ఇవతలికి తేవడానికి. వాడి తర్వాత ఇంకొకత్తె. తాతకు ఏమీ అంతుబట్టలేదు. ఇది మర్యాదా, ఆటపట్టించడమా? టీచరును అడుగుదామంటే ఆవిడ ఫోటోల హడావిడిలో ఉంది. ఒక చెయ్యి పిల్లల చేతిలో ఉంటే, రెండో చేత్తో జెండా చాచి బండ్లు ఆపుతున్నది మళ్ళీ తనే.

ఇంతలో బొద్దు పిల్లవాడు మొహం మాడ్చుకున్నాడు. "టీచర్, తాత నాకంటే జోరుగా నడుస్తున్నాడు! ఇంక నేను చేసిందేంటి?"

తాత మనసు చివుక్కుమంది. ఇంత చిన్న విషయానికి పిల్లవాణ్ణి ఏడిపించడమెందుకు? జెండా తీసుకెళ్ళి గేటు ఊచల మధ్య దోపాడు. ఉత్త చేత్తోనే బండ్లు ఆపాడు. నడుం వంచాడు. కాలు ఈడ్చాడు. "అబ్బా, నువ్వు పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణిరా నాయనా" అని మూలిగాడు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి. అది చూసి ఇంకాస్త మూలిగాడు. ఇంతమందిని దాటించాడు కానీ, తన చెయ్యి పట్టుకుని ఎవరైనా దాటించిన గుర్తు లేదు. ఎందుకో సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

వరండాలోంచి హెడ్‌మాస్టరమ్మ ఆ కాలీడ్చడం, మూలగడం చూసింది. బడి వదిలే వేళకి ఐదో తరగతి మొత్తాన్నీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఇంత అవస్థ పడుతూ ఒక్క మాటైనా చెప్పలేదేం తాతా? ఈ ఒంటితో నిన్ను రోడ్డు మీద నిలబెట్టి పాపం మూటగట్టుకున్నాం. సోమవారం నుంచి పెద్దక్లాసు పిల్లలు వంతులేసుకుని చూసుకుంటారు. గేటుకి వేరే మనిషి వస్తాడు. నువ్వు ఇంటిపట్టున హాయిగా ఉండు."

ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. తిడితే ఎలా బతిమాలాలో తాతకు తెలుసు. కన్నీళ్ళను ఎలా బతిమాలాలి? అదంతా ఉత్తుత్తిదేనమ్మగారూ, నాకు రాయిలాంటి కాళ్ళున్నాయి అనబోయాడు. రెండుజడల పిల్ల వేలు ఇంకా వదల్లేదు. తను నిజం చెబితే వీళ్ళందరూ చేసిన మంచిపని ఏమైపోవాలి?

"అలాగేనమ్మా" అన్నాడు. దేనికి అలాగే అన్నాడో అతనికే తెలియలేదు.

సోమవారం దాకా ఆగకుండా, పెద్దపిల్లలు అప్పటికప్పుడు ఆఫీసులోంచి తెచ్చిన మిలమిలలాడే కొత్తజెండాలు చాచారు. బండ్లు ఆగాయి. చెరోవైపు పట్టుకుని తాతను అవతలి బస్‌స్టాపు దాకా నడిపించారు. తాత కుంటుతూనే దాటాడు, ఇంక మానడానికి వీల్లేదు మరి. వాళ్ళు వెనక్కి పరుగెత్తాక గాని తన చెయ్యి ఖాళీగా ఉందని అతనికి తట్టలేదు.

జెండా! సాయంత్రం బకెట్టులో నీళ్ళు పట్టుకుని, "ఏదయ్యా?" అని అడుగుతుంది ఆవిడ. ఏం చెప్పాలి?

గేటు వైపు చెయ్యెత్తి చూపించాడు. అవతల పిల్లలందరూ ఉత్సాహంగా చేతులూపారు. ఇంకా గట్టిగా ఊపాడు. వాళ్ళూ ఇంకా గట్టిగా ఊపారు. లాభంలేదని రోడ్డు మీద కాలు పెట్టబోయాడు.

"ఆగు తాతా! ఒక్కడివే దాటకూడదు!" అని అరిచింది రెండుజడల పిల్ల.

తాత ఆగిపోయాడు. అంతలో బస్సు వచ్చింది. వెనకున్నవాళ్ళు, పాపం పెద్దాయన అంటూ రెక్క పట్టుకుని ఎక్కించారు.

బస్సు కదిలి మలుపు తిరిగింది. పిల్లలూ ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన రోడ్డు మీద లారీ ఒకటి జోరుగా వస్తూ, మూసిన గేటు ఊచల్లో ఊగుతున్న ఎర్రలంగా ముక్కను చూసి, అలవాటుగా వేగం తగ్గించింది.