ఆరని కాళ్ల ఎద్దు

దగ్గరికి రండమ్మా, చాప మీదికి జరగండి. వెనకున్నోళ్లూ రండి. ఆ శివయ్యనూ, ఆయన నందినీ తలుచుకొని చెబుతున్నా, వినండి.

మరాఠీ సీమలో, రాజురా తాలూకాలో వర్ధా నది ఒడ్డున తెలుగువాళ్ల ఊరొకటి. అక్కడ సారక్క రోజూ తెల్లారగానే పేడ తీసి, కుడితి పెట్టి, గోనెపట్టాతో ఎద్దు కాళ్లు తుడిచేది. ఎంత తుడిచినా తడే. శ్రావణం మొదట్లో వరదకు పత్తి చేను మునిగింది కదా, చేనులో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో అంత మేరా ఎద్దు కాళ్లు ఆరడం మానేశాయి. చేను మునిగిన ఇళ్లన్నిటా అంతే.

"మీ ఎద్దుకు ఎందాక?"

"మోకాలు దాక, అక్కా. మీకు?"

ఇలా ఒకరినొకరు అడిగి, కొట్టంలో ఇంత ఇసుక పోసుకొని ఎవరి పనికి వాళ్లు పోయేవారు.

ఎద్దులకు రంగులు పూసి ముస్తాబు చేసే పొలాల పండుగ వచ్చింది. ఆనాడు ఎద్దు కంట చచ్చిన చేను పడకూడదని ఆ ఊరి ఆచారం. అందుకని సారక్క కుళ్లిన పత్తికట్టెంతా పీకి గట్టు అవతల పారేసింది. పండుగ మర్నాడు ఆమె కూలికి పోయిన పూట, భూమి లెక్కలు చూసే తలాఠీ వినాయక్ పంట నష్టం చూసి రాసుకునే పంచనామాకు వచ్చాడు. ఊరికి కొత్త. చేను నున్నగా కనిపిస్తే, "పంట వెయ్యలేదు" అని రాసుకొని పోయాడు.

నష్టపరిహారం జాబితా వచ్చింది. సర్పంచ్ ప్రభావతి దాన్ని గోడకు అంటించి ఊరుకోలేదు. "మరాఠీ అందరికి చదవస్తదా?" అని గ్రామసభలో, తలాఠీ కూడా కూర్చొని ఉండగా, ఒక్కొక్క పేరూ తెలుగులో చెప్పింది. సారక్క పేరు రాలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శనగ విత్తనం కొనాలంటే ఉన్న ఒక్క ఎద్దునూ సంతకు తోలాలి. ఎద్దు పోతే విత్తేది దేనితో?

"అనంతరావు," అంది ప్రభావతి.

ఆయన చేను మునగకపోయినా, ఒడ్డు వరసంతా రాయడంలో ఆయన పేరూ కలిసింది. ఆయనకూ డబ్బు అవసరమే. కూతురు చంద్రపూర్‌లో కాలేజీ చదువుతోంది.

ఆయన లేచాడు. "నా పేరు తీసెయ్ సర్పంచమ్మా."

"ఏంది మామా, సర్కారు నీకు మళ్లమళ్ల ఇస్తదా?" ఎవడో నవ్వాడు.

"నవ్వురా, నవ్వు. పండుగనాడు నా ఎద్దుకు గిట్టల దాక రంగు నిల్వలే? షోకిలా ఎద్దని మీరే గద ఎక్కిరిచ్చిండ్రు! సారక్క ఎద్దుకు పూసింది పూసినట్టు కారిపాయె. తలాఠీ సాబ్, మునిగినామెను ఇడిచి మిట్ట మీదున్న నన్ను రాసిండ్రు. ఓసారి లేచొచ్చి ఆమె ఎద్దు కాళ్లు చూడుండ్రి."

వినాయక్ మొహం చిన్నబోయింది. సారక్క కొట్టానికి నడిచి, ఎద్దు కాలు తడిమాడు. చేతికి నీళ్లతో పాటు నల్లరేగడీ, కుళ్లిన పత్తి ఆకూ అంటుకున్నాయి. "తప్పైంది, అక్కా," అన్నాడు. టేపు తీసి తడి ఎంత ఎత్తుందో కొలిచి, ఊరందరి ముందే పంచనామా మళ్లీ రాశాడు.

తర్వాతి సభలో ప్రభావతి సారక్క పేరు చదివింది. అనంతరావు పేరు లేదు. సారక్క ఇంటికి పోయేసరికి ఎద్దు పొడికాళ్లతో నిలబడి నెమరేస్తోంది. పండుగనాడు మిగిలిన రంగు కలిపి గిట్టల దాకా పూసింది. ఈసారి రంగు నిలిచింది.

"ఇగ నీదే షోకిలా ఎద్దు!" అని అరిచాడు దారిన పోతున్న అనంతరావు.

ఎద్దును మరిచినా సరే, తల్లీ. తనది కానిదానికి తన పేరు పిలిస్తే నలుగురిలో లేచి నిలబడ్డాడే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీ పేరూ ఎక్కడో ఒకచోట అలా పిలుస్తారు. ఆనాడు మీరూ లేవండి.