వైపరులోని ఉక్కు రేకు

బియ్యం చెరిగే చేటలో ఇనుప రజను కనబడగానే నాకు ఒళ్ళు మండింది.

"చేట తప్ప ఇంకేం దొరకలేదా మీకు?"

"కింద పడకుండా పెట్టుకున్యా," అన్నాడు మా ఆయన కేశవ, చేతిలో ఆకురాయి ఆపకుండా. "దులిపితే పోతాది."

"పోదు. రేపు అన్నంలో మీకే వస్తాది."

"రానీ. ఒంటికి ఇనుము మంచిదని నువ్వే చెప్తాంటావు."

అత్తగారు అంజనమ్మ చేట లాక్కుని పెరట్లో దులిపి వచ్చింది. వచ్చి ఒకే మాట అడిగింది. "దీంతో తెరుచుకుంటాదా, కేశవా?"

ఆమె అడిగింది పెరట్లోని మగ్గం గది తాళం గురించి. మామగారు రామదాసు పోయి నాలుగు నెలలైంది. ఆ తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. ఆఖరి స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపింది మా ఆయనే. తెంపి, తడి పంచెలో చుట్టి, పారేసేవాళ్ళ చేతికిచ్చాడు. పదకొండో రోజు దాకా తాళంచెవి ఎవరికీ గుర్తు రాలేదు.

గదిలో మగ్గం మీద చీర ఉంది. పోయే ముందు ఏడాదంతా మామగారు తెల్లవారకముందే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేవారు. "ఎవరికి నాయనా?" అని మా ఆయన అడిగితే, "మీ అమ్మకి. అయ్యేదాంకా ఎవరూ చూడాకండి" అనేవారు. మగ్గం చప్పుడు వంటింట్లోకి వినబడేది. ధర్మవరంలో ఊరందరి పెళ్ళిళ్ళకూ పట్టుచీరలు నేసిన మనిషి, తన భార్య కోసం నేస్తున్న మొదటి చీర అది.

తాళం పగలగొట్టడానికి అత్తగారు ఒప్పుకోలేదు. "ఆయన చేత్తో ఏసింది. సుత్తి తగలనియ్యను. పరాయోళ్ళ చెయ్యీ వద్దు."

చీరల అంగడిలో పనికి వెళ్ళే మా ఆయనకు రెండేళ్ళుగా తాళాల పిచ్చి. పాత తాళాలు తెచ్చుకుని, సన్నటి ఉక్కు పుల్లలతో చెవి లేకుండా తెరవడం ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. సరదాకు పట్టుకున్న పని. ఇప్పుడు దాని ధ్యాసలో తిండి కూడా మర్చిపోతున్నాడు.

పుల్లకు ఉక్కు కుదరలేదు. రంపపు బ్లేడు అరగదీస్తే, గట్టిదే గానీ ఇంట్లో పెట్టుకున్న తాళంలోనే పుటుక్కున విరిగింది. మామగారి తాళంలో అలా ముక్క ఇరుక్కుంటే ఇక సుత్తే గతి. గొడుగు కమ్మీ వంగింది వంగినట్టే ఉండిపోయింది. పాత మగ్గంలో పోగులు దూర్చే అచ్చులోంచి లాగిన రేకులు మరీ పలచన.

చివరికి బస్టాండు దగ్గర ఆటోలు బాగుచేసే హుస్సేన్ పీరా దగ్గరికి వెళ్ళాం. నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా కేశవా, దొంగతనానికి ముందే సాక్షిని పిల్చుకొచ్చినావే."

ఆటో అద్దం తుడిచే పాత వైపరు రబ్బరు చీల్చి, లోపలున్న రెండు సన్నటి రేకులు బయటికి లాగాడు. ఒకటి వేలితో వంచి వదిలాడు. అది చటుక్కున నిటారుగా నిలబడింది.

"ఇట్ల వంగి ఎనక్కి రావాల. సాన పట్టేటప్పుడు కాలనియ్యాకు. నీలం తిరిగిందంటే ఉక్కు సచ్చినట్లే."

పీరా ఇచ్చిన చిన్న సాన మోటారు దగ్గర చెంబు పట్టుకుని నేను కూర్చున్నాను. ఆ రోజు కుళాయి రాలేదు, చెంబులోవి బియ్యం కడిగిన నీళ్ళు. రాయికి తాకించడం, ముంచడం, మళ్ళీ తాకించడం. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, రంగు మారితే నా కంటికి ఆనుతుంది. మొదటి రేకు కొన నీలం తిరిగింది.

"ఎంట్రుకంతే కదా," అన్నాడు మా ఆయన.

"రెండోది తీసుకోండి," అన్నాను.

ఆదివారం పొద్దున ఆ రెండో రేకుతో మా ఆయన తాళం ముందు గొంతుక్కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తండ్రి దగ్గర పట్టుపోగులు అతకడం నేర్చిన వేళ్ళు ఆయనవి. గంట దాటింది. అత్తగారు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడింది. రేకు వంగుతోంది, తిరిగి వస్తోంది. టక్కుమని చిన్న చప్పుడు. తాళం ఊడి ఆయన అరచేతిలోకి జారింది.

అత్తగారే ముందు లోపలికి వెళ్ళింది.

మగ్గం మీద ఉన్నది మూరెడు గుడ్డ. మిగతాదంతా వట్టి పడుగు. ఆ మూరెడైనా నేసి, విప్పి, మళ్ళీ నేసి నూగు లేచింది. అంచులో పువ్వులు ఒక వరసలో లేవు. కాళ్ళు పెట్టుకునే గుంతలో తెంపేసిన పోగులు గుప్పెళ్ళకొద్దీ పడి ఉన్నాయి.

"నాయనకు కండ్లు కనపల్లేదు," అన్నాడు మా ఆయన మెల్లగా. "ఒక్కరికీ చెప్పల్యా."

అత్తగారు ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టింది. "చప్పుడు రోజూ ఇనపడ్తాండె," అంది.

మధ్యాహ్నం సంగటి, పప్పు వడ్డించాను. ముగ్గురం తినడానికి కూర్చున్నాం. ముద్ద కలుపుతూ మా ఆయన తలెత్తాడు.

"అమా, ఆదివారాలు కూచోని ఆ చీర నేను ముగిస్తా."

"వద్దు."

ఆమె ముద్ద మింగి, నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టింది.

"ఆ మూర మటుకు కోసి నాకియ్యండి. నేను పోయినప్పుడు నా మింద కప్పండి. దానికి ఇంగ ఎవరూ ఒక్క పోగు చేర్చాకండి. మగ్గం పక్కవీధిలో నేసే నాగేశ్వర ఎత్తుకపోనీ, వానికి కండ్లు బాగుండాయి. రేపు పొద్దున్నే మగ్గం ఇప్పండి."