ఎముకల మాస్టారు

మోకాలిచిప్ప కుడిదా ఎడమదా తెలియాలంటే కొసని అవతలి వైపుకి పెట్టి బల్ల మీద వదిలేయాలి, ఏ వైపుకి ఒరిగితే ఆ కాలిది, అంతే, అంత తేలిక, అయినా అది కుడివైపుకి ఒరిగాక కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు, మళ్లీ చేతిలోకి తీసుకుంది, ఎందుకంటే ఈ గదిలో ఇన్నేళ్లుగా ఎన్ని ఎముకలు పరిచినా ఒక్కదాని మనిషీ ఆమెకు తెలియదు, తెలియని ఎముకని పట్టుకోవడం పలక పట్టుకున్నట్టే ఉంటుంది, ఇది అలా లేదు, ఇది ఈ భవనం మెట్లు ఎక్కిన మోకాలు, ప్రతి అంతస్తులోనూ ఆగి, ఆయాసం బయటపడకుండా గోడ మీది నోటీసు చదువుతున్నట్టు నటించిన మోకాలు, ఎముకల మాస్టారిది, ఆమెకు పాఠం చెప్పిన మాస్టారిది, తను పోయాక తన అస్థిపంజరం మానవశాస్త్రం డిపార్టుమెంటుకే చేరాలని సంతకం పెట్టి మరీ పోయిన మనిషిది, ఫ్యాను కిర్రుమంటోంది, బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ ఒక మూల ఎగురుతోంది, కాసేపట్లో మొదటి సంవత్సరం పిల్లలు వస్తారు, వాళ్లకంటే ముందే పిన్ని, మాస్టారి భార్య, వచ్చినా వస్తుంది.

నిన్న ఫోనులో పిన్ని గొంతు మామూలుగానే ఉంది, అదే భయం, రేపు ఆయన్ని పెట్టెలోంచి మొదటిసారి తీస్తున్నారటగా, నేనూ వస్తానమ్మాయ్, మా మరిది ఊరుకోవడం లేదు, మట్టిలో కలవాల్సిన మనిషిని పెట్టెలో పెట్టి పిల్లల చేతికిస్తారా వదినా అని వచ్చినప్పుడల్లా పోరు, నాకు ఇటూ తోచడం లేదు, అటూ తోచడం లేదు, చూస్తాను, చూసి ఓర్చుకోలేకపోతే ఇంటికి తీసుకుపోతాను, ఏమీ అనుకోకు, ఏమనుకుంటుంది, అలాగే పిన్నీ అంది, మాస్టారి మీద ఆవిడకున్న హక్కు తనకెక్కడిది, కానీ ఫోను పెట్టేశాక వంటింట్లో కుళాయి తిప్పి కట్టేయడం మరిచిపోయి నీళ్లు పొంగి పాదాల మీద పడేదాకా అలాగే నిలబడింది, మనిషి పోయినప్పుడు ఇంత దిగులు పడలేదేమో, అప్పుడు పెట్టె వస్తుందని తెలుసు, మళ్లీ చూస్తానని తెలుసు, ఇప్పుడిక పెట్టె కూడా పోతే.

పిన్ని అని పిలవడం కూడా మాస్టారి పాఠంలో భాగమే, మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఏమని పిలవాలో తెలియక మేడమ్ అంటే ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది, మేడమ్ ఏంటే, బడిలో ఉన్నావా, పిన్నీ అను, లోపలికి రా అని వరస కలిపేసింది, అది విని మాస్టారు వరండాలోంచి గట్టిగా నవ్వి, చూశావా, ఊరు కాని ఊరు వెళ్లిన పరిశోధకుడికి మొదట జరిగేది ఇదే, నీ పేరెవరికీ అక్కర్లేదు, నువ్వు ఎవరికి ఏమవుతావో కావాలి, వరస తేలేదాకా నువ్వు మనిషివి కావు, అతిథివి, అని పాత కవరు వెనక బొమ్మ గీశారు, మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, పిల్లలకి కిందికి దిగే గీత, త్రిభుజం నేను, ఈ సున్నా మీ పిన్ని, మరి నువ్వెక్కడ అని కొంచెం ఆలోచించి పక్కగా ఒక చిన్న సున్నా పెట్టి చుక్కల గీతతో కలిపారు, నిజానికి పిన్ని మొగుడు బాబాయ్ కావాలి, ఆయన్ని బాబాయ్ అనే ధైర్యం ఎవరికుంది, మాస్టారు మాస్టారుగానే ఉండిపోయారు, శాస్త్రం ప్రకారం ఇది తప్పు వరస అని ఆయనే ఎన్నిసార్లు దెప్పిపొడిచేవారో.

అసలు ఈ చదువులోకి ఎవరు రావాలనుకుని వచ్చారు గనక, వేరే చోట సీట్లు అయిపోతే వచ్చింది తను, మానవశాస్త్రం చదివితే మనుషులు అర్థమవుతారటగా, ముందు మీ మావయ్యని అర్థం చేసుకుని నాకో ముక్క చెప్పు, పాతికేళ్లుగా నావల్ల కావడం లేదు అని అత్త నవ్వింది, మొదటి రోజు క్లాసులో మాస్టారు హాజరు కూడా వేయలేదు, అందరూ మెడ కింద చెయ్యి పెట్టుకోండి అన్నారు, మెడ కింద అడ్డంగా ఎముక తగులుతోందా, భుజం దాకా తడుముకుంటూ వెళ్లండి, అదే మీ మొదటి పాఠ్యపుస్తకం, ఇంటికి కూడా తీసుకుపోవచ్చు, ఎవరూ దొంగిలించరు అని, పిల్లలు నవ్వారు, ఆయన నవ్వలేదు, మన శాస్త్రానికి నాలుగు వాకిళ్లు, ఒక వాకిలి ఒంటిది, ఒకటి మట్టిలో దొరికే వస్తువులది, ఒకటి మాటది, ఒకటి బతికే తీరుది, ఏ వాకిలినుంచి వచ్చినా లోపల ఇల్లు ఒకటే, అన్నారు, ఇదిగో ఇప్పుడు బల్ల మీద ఆయన మెడ కింది ఎముక, ఎడమది, మధ్యలో చిన్న బుడిపె, విరిగి అతుక్కున్న చోటు, తవ్వకాల దగ్గర సైకిలు మీంచి పడ్డారు, కందకంలో దొరికిన కుండపెంకుల సంచిని కాపాడబోయి తనని తను కాపాడుకోలేదు, పెంకులు భద్రం, మాస్టారు ఆస్పత్రి, పిన్ని తిట్లు మూడు వార్డులకి వినబడ్డాయని నర్సే చెప్పింది, ఆ పెంకులు ఇప్పటికీ పక్క గదిలో బీరువాలో ఉన్నాయి, ఎవరూ చూడరు, బ్రష్షు ఎలా పట్టుకోవాలో ఆయన నేర్పింది ఆ కందకంలోనే, చీపురు కాదమ్మాయ్ అది, నిద్రపోతున్న పిల్లాడి మొహం మీద దుమ్ము తుడుస్తున్నట్టు తుడువు.

చీలమండ ఎముక మీద నునుపుగా అరిగిన చిన్న మచ్చ, గొంతుక్కూర్చునేవాళ్లకి పడే మచ్చ, ఎన్నేళ్లు కూర్చున్నారు ఆ గుంటల్లో, ఎవరి వాకిట్లోనో, కుర్చీ వేసినా దిగి కిందే కూర్చునేవారు, పై నుంచి చూస్తే నెత్తులే కనబడతాయి, మొహాలు కనబడవు అని, తనని మొదట పంపింది దూరపు ఊళ్లకేం కాదు, వీధి చివర క్షవరం దుకాణానికి, వారంపాటు బెంచీ మీద కూర్చో, చూడు, విను, వాళ్లు టీ ఇస్తే తాగు, నోరు మాత్రం అవసరమైతేనే తెరువు, తను రాసుకొచ్చిన మొదటి కాగితంలో మధ్యాహ్నం మనుషులు ఊరికే కూర్చుంటారు అన్న మాట కింద గీత గీసి, ఊరికే అన్నది ఎవరి మాట, వాళ్లదా నీదా, వాళ్ల చేతులేం చేస్తున్నాయి, ఎవరు వస్తే ఎవరు లేచి చోటిచ్చారు, ఎవరి జోకుకి ఎవరు నవ్వలేదు, మన ముక్కు కొలతతో ఎదుటివాడి మొహం కొలవకమ్మాయ్ అన్నారు, ఏడుపొచ్చింది, మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చుంటే, అద్దంలోంచి అన్నీ కనబడటం మొదలయ్యాయి, అల్లుడొస్తే మామగారు పేపరు అడ్డం పెట్టుకోవడం, ఇద్దరూ ఒకరి ముందొకరు కుర్చీ ఎక్కకుండా ముందు మీరంటే మీరని వెనక్కి తగ్గడం, పరిగెత్తుకొచ్చి చెబితే మాస్టారి మొహం, అబ్బ ఆ మొహం, ఇప్పుడు ఈ పుర్రెలో ఎక్కడుంది అది, దవడ ఉంది, పళ్లున్నాయి, కనుగుంతలున్నాయి, ఆ సంబరం పడ్డ మొహం ఏ ఎముకకి అంటిపెట్టుకుని ఉండేదో.

మాటల పాఠం ఇంకోలా చెప్పేవారు, పోయేవాడు వస్తానంటాడేం, పోతున్నాను అనొచ్చుగా, ఆలోచించుకుని రేపు రండి అని క్లాసు వదిలేసేవారు, ఆస్పత్రిలో చివరిసారి మంచం పక్కనుంచి లేస్తూ వెళ్లొస్తాను మాస్టారూ అంటే ఆయన కళ్లు తెరిచి, పాఠం బాగానే ఒంటబట్టిందే అన్నారు, అదే ఆఖరి మాట, అప్పుడు నవ్వొచ్చింది, నవ్వుతూనే మెట్లు దిగింది, ఆ నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తులేదు.

బూట్ల చప్పుడు, బెంచీల చప్పుడు, పిల్లలు వచ్చేస్తున్నారు, బల్లని చూసి ఒక్కసారిగా గొంతులు తగ్గించారు, వాళ్ల వెనకే పిన్ని, చేతిలో సంచి, ఎవరికీ అడ్డం రాకుండా వెనక బెంచీ చివర కూర్చుంది, బల్ల వైపు చూడటం లేదు, ఆమెనే చూస్తోంది, ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది, మాట ఎలా వచ్చిందో తెలియదు, తుంటి ఎముక, వెన్నుపూసల అంచులు, వయసు ఎలా చెబుతాం, చేతిపని ఎలా చెబుతాం, నాలుగు వాకిళ్లు, ఎవరిదో చెప్పకూడదని ముందే అనుకుంది, పిన్ని ముందు అసలే చెప్పకూడదని అనుకుంది, కానీ ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది, మేడమ్, ఇది ఎవరిది, నమూనా అనాలి ఆమె, అనలేకపోయింది, ఫ్యాను కిర్రుమంటూనే ఉంది, అప్పుడు వెనక బెంచీలోంచి, మా ఆయనమ్మా, ఈ గదిలోనే పాఠం చెప్పేవాడు అంది పిన్ని.

అడిగిన అమ్మాయే లేచి నిలబడింది, ఎందుకో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు, పక్కవాడూ లేచాడు, బెంచీ తరవాత బెంచీ, క్లాసులోకి మాస్టారు వచ్చినప్పుడు లేచినట్టే లేచారు అందరూ, ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది, కూర్చోండర్రా కూర్చోండి, నిలబడితే ఆయనకి చిరాకు, పాఠం పాడవుతుందని అరిచేవాడు అంది పిన్ని, పిల్లలు భయం భయంగా నవ్వి కూర్చున్నారు, పాఠం సాగింది, సాగుతున్నంతసేపూ ఆమెకి ఒకటే లెక్క, తీసుకుపోతుందా, ఉంచుతుందా, తీసుకుపోతుందా.

పిల్లలు వెళ్లాక పిన్ని నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చింది, మెడ ఎముక బుడిపె మీద వేలు పెట్టి తీసేసింది, సైకిలు కదూ అంది, అవును పిన్నీ, ఎంత తిట్టానో, నర్సు చెప్పింది పిన్నీ, ఇద్దరూ నవ్వారు, పిన్ని కళ్లు తుడుచుకుంది, బతికున్నన్నాళ్లూ ఇంట్లో కాలు నిలవలేదు ఈ మనిషికి, ఇప్పుడు తీసుకుపోయి ఏం చేసుకోను, ఇక్కడే ఉండనీ, మరిదికి నేను చెప్పుకుంటాలే, ఆమె చేతులు రెండూ ఒక్కసారిగా తేలికైపోయాయి, కానీ పిన్ని ఇంకా ఏదో అంటోంది, అయినా నేను బల్ల వైపు చూస్తేగా అమ్మాయ్, నిన్నే చూస్తూ కూర్చున్నాను, మాట మధ్యలో ఆపేసి కిటికీ వైపు తిరిగి ఏమంటారు అని అడుగుతావే, అక్కడెవరో ఉన్నట్టు, పిల్లాడు తప్పు చెబితే కళ్లజోడు నుదుటి మీదికి తోసి కొంచెంసేపు ఊరుకుంటావే, ఎక్కడ నేర్చావే అవన్నీ, అచ్చం ఆయనే నిలబడి చెబుతున్నట్టు అనిపించింది నాకు, అంది.

ఆమె చెయ్యి నుదుటి మీదికి పోయింది, కళ్లజోడు అక్కడే ఉంది, తనకి తెలియనే తెలియదు, ఎవరూ నేర్పలేదు, తనూ నేర్చుకోలేదు, పక్కన ఉంటే వచ్చేసింది, పుట్టుకతో రానిది, ఎముకలో దాగనిది, కలిసి బతికితే ఒకరినుంచి ఒకరికి అంటుకునేది, దాన్నే సంస్కృతి అంటాం, రాసుకోండి, అని ప్రతి ఏడూ కొత్త పిల్లలకి తనే చెబుతూ వచ్చింది, వాళ్లు రాసుకుంటూ వచ్చారు, కిటికీ అవతల ఆ ముందు వరస అమ్మాయి ఎవరికో ఏదో చెబుతూ మాట మధ్యలో ఆగింది, ఊరికేనేమో, కాకపోవచ్చు కూడా, ఆమె పెట్టె మూత తీసి ఎముకలు ఒక్కొక్కటే తడబడకుండా సర్దడం మొదలుపెట్టింది, పిన్ని వాటిని తీసుకుపోయినా తను మాస్టారిని పోగొట్టుకుని ఉండేది కాదు.