పేమత్త కూర్చోని బెంచీ

ఈ కథ నాకు మొదట చెప్పింది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే మా పెద్దక్క. గోరంతని కొండంత చేసే మనిషి కాదామె. కాబట్టి మిగతావాళ్లు చెప్పుకునేది పక్కన పెట్టండి.

పేము సందులో తెల్లారకముందే పని మొదలవుతుంది. తొట్లలో పేము నానుతుంటుంది, చీల్చిన బద్దలు గుమ్మాల ముందు ఆరుతుంటాయి. ఆ సందువాళ్ల భాష వేరు, ఊళ్లో ఇంకెవరికీ రాదు. అక్కడ కుర్చీలల్లే పేమత్తకి మాత్రం అదీ, ఊరి భాషా రెండూ వచ్చు. బజార్లో కుర్చీలు అమ్మి అమ్మి నోరు రాటుదేలింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి మాత్రం సొంత భాష తప్ప మరో ముక్క రాదు.

ఆ కోడలికిప్పుడు నెలలు నిండుతున్నాయి. కాళ్లు పొంగాయి. తల పగిలిపోతోందంటుంది, కళ్ల ముందు మెరుపులంటుంది. పేమత్త ఆస్పత్రికి తీసుకెళ్తే, గేటు దగ్గర అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేషెంటు ఒక్కరే లోపలికి."

"దానికి మీ మాట రాదు బాబూ. నేను పక్కనుండి చెప్తా."

"లోపలుంది ఒక్క బెంచీ. దాని మీద కూర్చున్నవాళ్లని వరసగా చూస్తారు. చుట్టాలకి చోటు లేదు. రూలంటే రూలే."

కోడలు లోపలికెళ్లి తల చూపించింది, పొట్ట చూపించింది, గ్యాసు బిళ్లలతో తిరిగొచ్చింది. ఇంకోసారి వెళ్లినా అవే బిళ్లలు.

పేమత్తకి ఒళ్లు మండింది. అందులో ఇంకో సంగతుంది. ఆ బెంచీకి పేము అల్లింది ఆవిడే. అల్లినవాళ్లు ముందు కూర్చుని చూస్తేనే పని పూర్తయినట్టని ఆ సందు పద్ధతి. అల్లిక పూర్తయిన రోజు ఈ అటెండరే, "నువ్వు కూర్చుంటావా దీని మీద?" అని ఇకిలించి, బెంచీ లాక్కుపోయాడు. పేమత్త అది మర్చిపోలేదు. బెంచీ కూడా మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్నే అది నాలుగు కాళ్ల నిండా బురదతో సందులోకి నడిచొచ్చింది. సైకిలు మీద పోయేవాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"వదినా, మీ బెంచీ వచ్చింది," కేకేసింది పక్కింటావిడ.

"రానీ. కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మను."

పేమత్త చేతులు కొంగుకి తుడుచుకుని, ముందు తను కూర్చుంది. అటూ ఇటూ ఊగి చూసింది. ఎక్కడా కిర్రుమనలేదు.

"ఊఁ, ఇప్పుడైంది పని," అని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇంతలో అటెండరు రొప్పుకుంటూ వచ్చాడు. "దిగండి! అక్కడ జనం నిలబడి చస్తున్నారు!" బెంచీ పట్టుకుని లాగాడు. ఊహూఁ. ఇంచి కూడా కదల్లేదు.

"ఎందుకు బాబూ ఆయాసం? నువ్వు ముందు నడువు, మేం వెనకొస్తాం," అంది పేమత్త.

బెంచీ అత్తాకోడళ్లని మోసుకుంటూ బయల్దేరింది. అటెండరే గేటు తీసి పట్టుకోవాల్సొచ్చింది. బెంచీని ఆపే రూలు అతని దగ్గర లేదు మరి.

డాక్టరమ్మ తలెత్తింది. "ముందెవరు?"

"నా కోడలు. ఇది చెప్పేది మీకు చెప్తా, మీరు చెప్పేది దీనికి చెప్తా. గ్యాసు మాట మాత్రం ఎత్తకండి."

డాక్టరమ్మ నవ్వలేదు. బీపీ చూసింది, మళ్లీ చూసింది. మెరుపులెప్పట్నుంచని అడిగింది. పేమత్త అడిగేసరికి కోడలు గలగలా చెప్పేసింది. అన్నాళ్లుగా నోట్లో కుక్కుకున్నదంతా.

"ఇంకో పూట ఆగుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదు," అని అప్పటికప్పుడు ఆపరేషనుకి పంపింది డాక్టరమ్మ. పొద్దుగూకేలోపు ఆడపిల్ల. పిడికెడంతే గానీ, గొంతు నానమ్మదే.

అప్పట్నుంచీ ఆ బెంచీ చివర రెండు భాషలూ వచ్చిన సందు మనిషి ఒకరు ఉండి తీరాలి. జీతం కూడా ఇస్తున్నారు. బెంచీ మళ్లీ గుమ్మం దాటలేదు.

ఇదీ జరిగింది. గేటు దగ్గర బోర్డు మీద మాత్రం, అటెండరు గారు దయతలచి బెంచీ మోసుకెళ్లి రోగిని తెచ్చారని రాసుంది, ఫొటోతో సహా. నా చదువు అంతంతే, అయినా కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. తప్పు. మోసింది బెంచీ, తెచ్చింది పేమత్త. రంగుడబ్బా చేతిలో ఉన్నవాళ్లెవరైనా అటు వెళ్తే అది చెరిపి సరిగ్గా రాయండి. కాస్త త్వరగా. ఆ రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు బడికెళ్తోంది, రేపో మాపో చదివేస్తుంది.