బావగారి కడుపుమంట

లైకోన్ గీసిన హంస ఆ ఉదయం మట్టిపేటిక అంచు మీంచి దిగి, సముద్రంలో నీళ్ళు తాగడానికి వెళుతుంది. తిరిగి రాదు. అది నిలబడిన చోట ఎర్రమట్టి మీద హంస ఆకారంలో ఖాళీ మిగులుతుంది.

క్లజొమెనె పట్టణంలో దీనికెవరూ నోరు వెళ్ళబెట్టరు. గ్రీకుల ఆ రేవు పట్టణంలో చనిపోయినవాళ్ళని కాల్చిన మట్టి పేటికల్లో పడుకోబెడతారు. పేటికల అంచుల మీద గుర్రాలూ, రథాలూ, హంసలూ గీసేవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఒకడు లైకోన్. రెండోవాడు అతని అక్క మిర్తో మొగుడు, ఎర్గినోస్. బొమ్మ లేచి వెళ్ళిపోయిందంటే అది బాగా కుదిరిందన్నమాట, అంతే.

ముప్పై ఏళ్ళుగా ఎర్గినోస్ గీసిన గుర్రం ఒక్కటీ చెవి కూడా కదపలేదు.

హంస సంగతి వినగానే అతను నేరుగా సభాస్థలానికి వెళతాడు. అక్కడ మొదటి వరుసలో ఊరి ప్రముఖుల కోసం రాతి పీటలు వాటంతటవే మొలుస్తాయి. అలలకు పేర్లు పెట్టిన తత్వవేత్తకి ఒకటి. జీవితమంతా ఒకే పాదం రాసి, దాన్ని కూడా సగంలో ఆపిన కవికి ఒకటి. కళ్ళు మూసుకున్న దేవతను చెక్కి, ఆమెకు నిద్రాభంగమవుతుందని ఉలి పక్కన పెట్టేసిన శిల్పికి ఒకటి. వాటి పక్కన ఈ ఉదయం నాలుగోది మొలిచి ఉంది. దాని తడి ఇంకా ఆరలేదు. ముందు వైపు లైకోన్ పేరు.

ఎర్గినోస్ ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, దాని మీద కూర్చోబోతాడు. పీట మర్యాదగా పక్కకు జరుగుతుంది. అతను కింద పడతాడు.

“అది మీది కాదు కదండీ,” అంటాడు వెనక నుంచి వచ్చిన కవి. జాలిగానే అంటాడు.

అప్పుడు మొదలవుతుంది కడుపుమంట. ఇంటికి చేరేసరికి ఎర్గినోస్ అంగీ బొడ్డు దగ్గర మాడి, గుండ్రంగా చిల్లు పడి ఉంటుంది. మిర్తో దగ్గరగా చెయ్యి పెట్టి చూసి, చటుక్కున వెనక్కి తీసుకుంటుంది.

“మా తమ్ముడి గురించేనా?”

“వాడి గురించి నాకేంటి?”

“సర్లే, కదలకుండా పడుకో. వేడి ఊరికే పోతోంది.”

ఆమె పచ్చిమట్టి ప్రమిదలు నాలుగు తెచ్చి అతని పొట్ట మీద వరసగా పెడుతుంది. అవి చక్కగా కాలుతాయి. మర్నాడు గిన్నెలు, ఆ తర్వాతి వారం కూజాలు. ఎర్గినోస్ బావమరిదిని తలుచుకుంటూ పడుకుంటాడు. వాడి నవ్వు, వాడి నడక, ఊరి ఆడవాళ్ళు వాడి గుమ్మం ముందు పనిలేకపోయినా ఆగే తీరు. ఇంత బాగా కాలిన మట్టి ఊళ్ళో ఇంకెక్కడా దొరకదని అందరూ అంటారు. ఆ మాట కూడా అతనికి సంతోషం ఇవ్వదు.

హంస వెళ్ళిన ఇరవయ్యో రోజున ఎర్గినోస్ అత్తగారు చనిపోతుంది. మధ్యాహ్నం లైకోన్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. కళ్ళు వాచి ఉంటాయి. వెనక బండి మీద ఒక పచ్చిమట్టి పేటిక.

“బావా, నా బట్టీ చల్లబడిపోయింది. హంసతో పాటే నిప్పు కూడా పోయింది. ఎన్ని కట్టెలు పెట్టినా వెచ్చబడ్డం లేదు. పొద్దు గూకేలోగా అమ్మని తీసుకెళ్ళాలి. నువ్వే కాల్చాలి.”

ఎర్గినోస్ పేటిక చుట్టూ తిరుగుతాడు. అంచు పొడుగునా అత్తగారి చేతులు: పిండి పిసుకుతూ, జడ అల్లుతూ, ఎవరినో లోపలికి రమ్మంటూ. గోళ్ళ కింద ఇరుక్కున్న పిండి కూడా కనిపిస్తోంది. ఈ ఆలోచన తనకెందుకు రాలేదు? గుర్రాలు, గుర్రాలు, ఎప్పుడూ గుర్రాలే. మంట గొంతుదాకా ఎగదన్నుతుంది. ఇంకొంచెం మండితే చాలు, పేటిక నిలువునా పగులుతుంది. పచ్చిమట్టి అన్నాక పగలదా అని ఊరే సర్దిచెబుతుంది.

అతను పేటికలోకి దిగి వెల్లకిలా పడుకుంటాడు. మట్టి గోడలు నెమ్మదిగా ఎర్రబడతాయి. లైకోన్ పక్కనుంచి వంగి చూస్తాడు.

“ఒక్క మాట అడుగుతాను,” అంటాడు ఎర్గినోస్. “నా గుర్రాలెందుకు కదలవు?”

“ఎక్కడికెళ్తాయి బావా? నీ దగ్గర వాటికి బాగుంది.” లైకోన్ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, వేడికో, ఏడుపుకో. “నాది ఒక్కటీ నా దగ్గర ఉండదు. నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా గోడ దూకి మీ పెరట్లోకొస్తాను, ఆ గుర్రాల్ని చూడ్డానికి. చూసినరోజు అన్నం సయించదు. కుళ్ళుతో చచ్చిపోతున్నాననుకో.”

ఇంత చల్లని మాట ఎర్గినోస్‌తో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ చల్లదనం ఛాతీలోంచి పొట్టలోకి దిగుతుంది. మంట ఆరిపోతుంది. పేటిక గోడలు ఎరుపు తగ్గి, సగం కాలి ఆగిపోతాయి. తలవైపు ఒక మూల వంగడం మొదలవుతుంది.

“అయ్యో,” అంటాడు లైకోన్. “చెప్పకుండా ఉండాల్సింది.”

ఎర్గినోస్ కళ్ళు గట్టిగా మూసుకుని రాతి పీటని తలుచుకుంటాడు. అది ఉత్త రాయిలాగే ఉంటుంది. హంసని తలుచుకుంటాడు. పాపం, దానికి దాహం వేసింది, అంతే.

పొద్దు దిగిపోతోంది. మిర్తో వచ్చి పేటిక పక్కన కూర్చుని, భర్త చెవి దగ్గర నోరు పెడుతుంది.

“అమ్మ ఆఖరి మాట నీకు చెప్పలేదు కదూ? ‘నా పేటిక మీద అల్లుడి చెయ్యి పడనివ్వకు. గుర్రాలేస్తాడు. నా కొడుకే అన్నీ చూసుకోవాలి’ అంది.”

మంచాన పడ్డ ఆ ముసలామెకి మూడేళ్ళు గంజి తాగించింది అతనే. మంట ఒక్కసారిగా లేస్తుంది. పేటిక ఎర్రబడి, పచ్చబడి, తెల్లబడి, గంటలా మోగుతుంది. ఎక్కడా బీట లేదు. పగలగొట్టాలన్న ఊసే అతనికి గుర్తు రాదు. కొడుకు బొమ్మలేస్తే వేశాడు, నీ పేటికని నిలబెట్టింది అల్లుడి నిప్పేనని ఆ ముసలామెకి చూపించాలి, అంతే.

మిర్తో ఉన్నమాటే చెప్పిందో, నిప్పు కోసం చెప్పిందో అతను అడగడు. ఆమె ముఖం అటు తిప్పుకుని ఉంటుంది.

ఎర్గినోస్ బయటికొచ్చి, పేటిక చల్లారాక, అమ్మని అందులో పడుకోబెట్టి ఎత్తుతారు. ముందు లైకోన్, వెనక ఎర్గినోస్, అతని మోచెయ్యి పట్టుకుని మిర్తో. శ్మశానానికి దారి ఒడ్డు వెంబడే.

వాళ్ళకి దారి ఇవ్వడానికి సముద్రం దుప్పటిలా వెనక్కి చుట్టుకుంటుంది. అడుగున ఇంకో ఊరు. అవే సందులు, అవే మెట్లు. ఒక వాకిట్లోంచి ఎర్గినోస్ ముఖమే ఉన్న మనిషి బయటికి వస్తాడు. అతని వెనక ఇంట్లో ఎవరూ లేరు. అతను పేటికని చూస్తాడు, ముందు నడుస్తున్న బావమరిదిని చూస్తాడు, మోచేతి మీదున్న మిర్తో చేతిని చాలాసేపు చూస్తాడు. అతని గడ్డంలోంచి చిన్న చేపలు ఒక్కొక్కటే ఇసుకలోకి దూకి పారిపోతాయి.

ఆ చూపు ఎర్గినోస్‌కి లోపలి వైపు నుంచే తెలుసు. బయటి నుంచి చూడటం ఇదే మొదటిసారి. అతను భుజం మీది బరువు సర్దుకుని, కొంచెం నిటారుగా, కావాలనే మెల్లగా నడుస్తాడు.