చేతి మీద కాటు

మూతికి గుడ్డ కట్టిన కుండను ఒడిలో పెట్టుకుని ఆటోలోంచి దిగాడు ముసలాయన. కాటు కాలి మీద. కుండలో నాగుపాము బతికే ఉంది, బుసలు కొడుతోంది. నర్సులు మందుల గదిలో దూరి గడియ పెట్టుకున్నారు.

"పామును చంపి తేకపోయావా తాతా?" అన్నాను, సెలైను ఎక్కిస్తూ.

"పాపం కదా అమ్మా, డాక్టర్ నోనా. మీ కాయితంలో తెమ్మన్నారుగానీ చంపమన్లేదుగా."

నిజమే, చంపమనలేదు. మా పాముకాటు పరిశోధన సంఘం అనురాధపురం చుట్టూ ప్రతి బౌద్ధ విహారం గోడకూ, ప్రతి సహకార దుకాణానికీ ఒక పోస్టరు అంటించింది. ‘పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. కరిచిన పామును కూడా తీసుకురండి.’ కింద సంఘం అధ్యక్షుడు ప్రొఫెసర్ మొరగొడ ఫొటో. రాసింది కూడా ఆయనే. చచ్చిన పామును తెస్తారనుకున్నాడు. బుద్ధుడికి పూలు పెట్టే చేత్తో పామును చంపేదెవరు మా ఊళ్లలో? పంచదార సంచుల్లో, పాలపొడి డబ్బాల్లో బతికున్నవే తెచ్చారు. సంఘం గదిలో పాముల్ని భద్రపరిచిన సీసాలు పెట్టడానికి చోటు చాలలేదు. విదేశాల నుంచి ప్రొఫెసర్ గారికి మెచ్చుకోళ్లు వచ్చాయి.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. అంటే సభలకు హాలు మాట్లాడాలి, టీ చెప్పాలి, అధ్యక్షుడికి ఎదురు చెప్పకూడదు. మొదటి రెండూ బాగానే చేశాను.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు వైద్యం నేర్పిందే ఆయన. రోగి పక్కన నిలబెట్టి చెప్పేవాడు: "పామును తొక్కినవాడికి కాలి మీద పడుతుంది కాటు. చేతి మీద పడిందంటే పాము జోలికి వాడే వెళ్లాడన్నమాట. ఎందుకెళ్లాడో అడుగమ్మాయ్." పోస్టరు వచ్చాక మా వార్డులో చేతి మీద కాట్లు ఎక్కువయ్యాయి. నేను అడుగుతూనే ఉన్నాను. అందరిదీ ఒకటే జవాబు. ఇంట్లో ఒకరిని పాము కరిచింది, దాన్ని ఆసుపత్రికి తెద్దామని పట్టబోయాం అని.

వరి కోతలు దగ్గరపడ్డాయి. పాముకాట్లన్నీ అప్పుడే. ఈలోగా పోస్టర్లు తీసేద్దామని కమిటీలో అన్నాను.

"పామును చూడకుండా ఏ మందిస్తావు?" అన్నాడు మొరగొడ. "మన మందు పనిచెయ్యని పాములున్నాయి. ఆ కాటుకు ఊరికే మందెక్కిస్తే ఆ మందే ప్రాణం మీదకి తెస్తుంది. తెలీదా నీకు?"

"తెలుసు సర్. వీలైతే దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీసుకు రమ్మందాం. లేదంటే రోగి లక్షణాలు చూసి ఇద్దాం. మీరు నేర్పిందేగా."

"ఫొటోని సీసాలో వేసి పరిశోధన చేద్దామంటావా?"

అందరూ నవ్వారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి కోశాధికారి లేచి, ఉపసంఘం వేద్దాం, కోతలయ్యాక నివేదిక ఇస్తుంది అన్నాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా తీర్మానం అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. కోతలయ్యాక నివేదిక ఎందుకు, చావు భోజనాల్లో చదువుకోవడానికా?

ఆ వారంలోనే మల్లికను తీసుకొచ్చారు. కోతకు ముందు కళ్లం చదును చేస్తుంటే ఆమె మొగుడు పియతిస్సను రక్తపింజర కాలి మీద కరిచింది. పక్కింటివాళ్లు అతన్ని మోటారు సైకిలెక్కించి మా దగ్గరికి తెచ్చారు. మల్లిక వెనక ఉండిపోయింది, పాత గడ్డివాములో దూరిన పామును పట్టడానికి. చేతి బొటనవేలి మొదట్లో కాటు పడింది. ఆ తర్వాత కూడా చాలాసేపు వెతికిందట. సమయానికి మందు పడ్డ మొగుడు రెండోరోజుకే మగవాళ్ల వార్డులో లేచి కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చిన మల్లికకు మూత్రపిండాలు ఆగిపోయాయి. డయాలసిస్ మీద ఉంచితే మూడోరోజుకు తెలివి వచ్చింది.

మొరగొడ గదికి వెళ్లాను. వాదన పెట్టుకోలేదు.

"ఒక రోగిని చూడాలి సర్. రక్తపింజర. చేతి మీద కాటు."

రోగిని చూడమంటే ఆయన ఎన్నడూ కాదనలేదు. మంచం పక్కన కూర్చుని, వాచిన చేతిని మెల్లిగా తిప్పి చూసి, ఎప్పటిలాగే అడిగాడు: "పాము జోలికి ఎందుకెళ్లావమ్మా?"

మల్లిక ఆయన మొహం పరకాయించి చూసింది. పోస్టరులో ఫొటో గుర్తొచ్చినట్టుంది, లేవబోయింది. నేను భుజం పట్టి పడుకోబెట్టాను.

"మన్నించండి మహత్తయా" అంది. "తోక దొరికింది. సంచిలోకి తోసేలోగా జారిపోయింది. ఎంత వెతికినా మళ్లీ కనపళ్లేదు. పాము లేకపోతే ఆయనకి మీరేం మందిస్తారు?"

"ఆయనకి తగ్గిపోయింది మల్లికా. రేపు ఇంటికి పంపేస్తున్నాం" అన్నాను.

ఆమె నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు.

"పాము లేకుండానేనా?"

మొరగొడ ఆమె చేతిని దుప్పటి మీద సర్ది పెట్టి బయటికి నడిచాడు. నాకు ఆయన మీద అంతదాకా ఉన్న కోపం పోయి జాలి వేసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

వరండాలో పోస్టరు ముందు నిలబడి గోటితో గోకుతున్నాడు. వానకు ఊడకూడదని మంచి జిగురు తెప్పించింది ఆయనే. ఫొటో చిరిగి వచ్చింది. ‘పామును కూడా తీసుకురండి’ గోడకే ఉండిపోయింది.

"ఇంకా ఎన్ని ఊళ్లల్లో ఉన్నాయి?" అన్నాడు, నా వైపు తిరక్కుండా.

"అన్ని ఊళ్లల్లోనూ ఉన్నాయి సర్."

"కోతలెప్పుడు?"

"ఎల్లుండి మొదలు."

ఆయన మళ్లీ గోకడం మొదలుపెట్టాడు. నేను నీళ్ల బకెట్టూ, సంఘం వ్యాను తాళాలూ తేవడానికి వెళ్లాను.