మెట్ల మీద పుట్టిన సంఘం

ఆ లిఫ్టు పాడవలేదు. ముందు ఈ మాట చెప్పి తర్వాత మిగతాది చెబుతాను. ఎందుకంటే మా యాజమాన్యం ఇప్పటికీ అందరి దగ్గరా అది పాడైందనే చెబుతోంది. అద్దె ఇళ్ళలో కాపురాలు చేసేవాళ్ళూ, హాస్టలు గదుల్లో చదువుకునేవాళ్ళూ వినండి. ఇవాళ మాకు జరిగింది మీకు జరగదన్న పూచీ ఏమీ లేదు.

ఆ రోజు నేను డ్యూటీ దిగి వస్తున్నాను. సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటరు నాది. పొద్దుటినుంచీ నిలబడి కాళ్ళు మొద్దుబారిపోయాయి. మా వెనక బ్లాకు లిఫ్టు తలుపుకి "మరమ్మతులో ఉంది" అని అట్టముక్క తగిలించి నెలలు దాటింది. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ మెట్లెక్కుతున్నాను. నాలుగో అంతస్తు మలుపు తిరిగేసరికి మిషను పెద్దమ్మ తన కూతురి వీపు మీద కనిపించింది.

మిషను పెద్దమ్మది తొమ్మిదో అంతస్తు, మా పక్క ఇల్లే. జీవితమంతా కుట్టుమిషను తొక్కి బతికిన మనిషి. ఆమె చెయ్యి పడని చొక్కా, పరదా మా బ్లాకులో లేవంటే నమ్మండి. ఇప్పుడు ఆమెకి రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పితే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. కూతురు అదే ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. నేను ఆమెని అక్కా అంటాను.

అక్క తల్లిని వీపున వేసుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగుతోంది. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను సంచి కింద పడేసి పెద్దమ్మ కాళ్ళు పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడు మా పక్కన లిఫ్టు గంట మోగింది. తలుపు తెరుచుకుంది.

లోపల మేనేజరు. పక్కన ఇస్త్రీ మడత నలగని ఇద్దరు పెద్దమనుషులు. ఒకడి చేతిలో కొలతల టేపు. ఖాళీ అయిన ఇళ్ళు చూపించడానికి తీసుకొచ్చాడు. బటన్ల పలక కింద తాళం కన్నంలో ఒక తాళంచెవి వేలాడుతోంది.

"సార్, తలుపు ఆపండి సార్, అమ్మని దింపాలి," అంది అక్క.

మేనేజరు మొహంలో రంగు మారింది. "ఇది టెస్టింగులో ఉందమ్మా. మనుషులు ఎక్కకూడదు."

"మరి మీరెవరు? గొర్రెలా?" అన్నాను నేను.

టేపు పట్టుకున్నాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "పైన ఇంకా ఎంతమంది ఉన్నారు?" అనడిగాడు.

"అయిపోయారు సార్. వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతున్నారు," అంటూ మేనేజరు బటను నొక్కాడు. తలుపులు మా మొహాల ముందే మూసుకున్నాయి.

అక్క వీపు మీదినుంచి పెద్దమ్మ అంది: "తాళం వేశారే! మనుషులకి తాళం వేశారు!"

ఆ మెట్ల మీదే నిలబడి, గొంతు చిరిగేలా అరిచాను. "బయటికి రండి! లిఫ్టు నడుస్తోంది! మనల్ని ఖాళీ చేయించడానికి ఆపారు! బయటికొచ్చి చూడండి!"

తలుపులు తెరుచుకున్నాయి. మూడో అంతస్తునుంచి క్రేను వచ్చాడు. గోడౌన్లో మూటలెత్తే మనిషి, తలుపు చట్రానికి సరిపడా ఉంటాడు, అందుకే ఆ పేరు. సంగతి విని ఇంట్లోకెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ, రెండు దుప్పట్లు తెచ్చాడు. పెద్దమ్మని కూర్చోబెట్టి దుప్పటితో నడుముకి కట్టాడు.

"దిగేటప్పుడు కిందవాళ్ళు ఎత్తి పట్టుకోండి, పైవాళ్ళు దించి పట్టుకోండి. కుర్చీ ముందుకి వాలిందంటే మీ పళ్ళు రాలగొడతా," అన్నాడు.

"పడేస్తే పడేశావుగానీ, నా చేతి కుట్టు చొక్కాలన్నీ తిరిగిచ్చెయ్యాలి," అంది పెద్దమ్మ. ఆ స్థితిలోనూ అందరం నవ్వాం.

అలా మొదలైంది. అప్పటినుంచి పెద్దమ్మ దిగే వేళకి అంతస్తుకి నలుగురు చొప్పున మలుపులో నిలబడేవాళ్ళం. ఒక జట్టు దించితే ఇంకో జట్టు అందుకునేది. ఏళ్ళ తరబడి ఒకే గోడకి అటూ ఇటూ బతికి, ఒకరి పేరు ఒకరికి తెలియనివాళ్ళం. ఎదురుపడితే ఫోన్లోకి తల దించుకునేవాళ్ళం. ఇప్పుడు కుర్చీ మోస్తూ, ఆయాసం తీర్చుకుంటూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఎవరి ఇంట్లో గోడ చెమ్మెక్కింది, ఎవరికి ఖాళీ చెయ్యమని ఫోన్లొస్తున్నాయి, ఏ నిండు చూలాలు కూరగాయల సంచితో ఏడో అంతస్తు ఎక్కుతోంది, అన్నీ బయటికొచ్చాయి. కంపెనీ ఎత్తు అర్థమైంది. మా బ్లాకు కూల్చి, ముందు బ్లాకుల్లాంటి అద్దాల మేడ కట్టి అమ్ముకోవాలి. పొమ్మంటే చట్టం అడ్డొస్తుంది. అందుకని మోకాళ్ళు అరగదీసి పంపాలనుకున్నారు.

మీటింగు పెట్టుకుందామంటే క్లబ్బు హాలు తాళం తియ్యలేదు, అది సొంతదార్లకేనట. సరే, మెట్ల మీదే కూర్చున్నాం. రెండో అంతస్తునుంచి ఐదు దాకా మనుషులే. కిందవాళ్ళ మాట పైకి, పైవాళ్ళ మాట కిందికి నోటినుంచి నోటికి అందించుకున్నాం.

మొదటి అంతస్తులో ట్యూషన్లు చెప్పే మాస్టారు లేచాడు. "నాకు లిఫ్టుతో పని లేదు. అయినా మీ బాధ చూసి వచ్చాను. ఆవేశపడితే అందరం రోడ్డున పడతాం. అర్జీ పెడదాం. పద్ధతి ప్రకారం వెళదాం."

"పద్ధతి ప్రకారం వెళ్ళేలోపు మా అమ్మ పోతుంది మాస్టారూ," అంది అక్క.

"మీకేంటి, ఒంటరి మనుషులు. నాకు పిల్లలున్నారు. వాళ్ళని బడి మాన్పించి ఎక్కడికి పోను?"

"మాకు లేరా పిల్లలు? మావి కుక్కపిల్లలా?" పైనుంచి ఎవరో అరిచారు. కేకలు లేచాయి. కొట్టుకునేదాకా వచ్చింది. పెద్దమ్మే చెయ్యెత్తి ఆపింది.

"ఆయన్ని వెళ్ళిరానివ్వండి. అదీ చూద్దాం. మాస్టారూ, ఒకటి మాత్రం చెప్పండి. ఇవాళ లిఫ్టు ఆపినవాడు రేపు నీళ్ళ మోటారు ఆపితే మొదటి అంతస్తుకి నీళ్ళొస్తాయా?"

మాస్టారు అన్నమాట నిలబెట్టుకున్నాడు. అందరి సంతకాలతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ప్రైవేటు లిఫ్టు మా పరిధిలోకి రాదని ఒకచోట. ఆ పై గది అని ఇంకోచోట. పై గదిలో మా మేనేజరు కాళ్ళు బారజాపుకుని కాఫీ తాగుతున్నాడు. మాస్టారు తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "వాడికి కుర్చీ వేశారు. నన్ను కూర్చోమని కూడా అనలేదు. అర్జీ చదవను కూడా చదవలేదు. చెప్పండి, ఇప్పుడేం చేద్దాం?"

"తాళంచెవి వాడి దగ్గరే ఉంది," అంది పెద్దమ్మ. "వెళ్ళి అడుగుదాం."

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ కుర్చీ దించాం. ఆస్పత్రికి పోవాల్సిన రోజే అది. కానీ గేటు వైపు తిప్పలేదు. ముందు బ్లాకుల మధ్యనుంచి, మమ్మల్ని నడవొద్దన్న పచ్చిక మీదుగా, తిన్నగా ఆఫీసులోకి తీసుకెళ్ళాం. వెనక బ్లాకు మొత్తం కదిలింది. డ్యూటీలు మానేసినవాళ్ళు, రాత్రి షిఫ్టు చేసి నిద్రకళ్ళతో వచ్చినవాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు. మాస్టారు కూడా ట్యూషన్ పిల్లలకి సెలవిచ్చి వచ్చాడు. ముందు బ్లాకుల బాల్కనీల్లో జనం నిలబడి చూశారు. ఒక్కరూ దిగలేదు.

ఆఫీసు గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి అడ్డం వచ్చాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు.

"ఆపాననే చెప్పుకో. మేము నిన్ను తోసేశామని చెబుతాం," అన్నాడు క్రేను. మెల్లగా, భుజం పట్టుకుని, పక్కకి జరిపాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఏంటిది? ఇది ఆఫీసా, సంతా?"

"తాళంచెవి ఇవ్వు," అంది అక్క.

"పేషెంటుని అడ్డం పెట్టుకుని డ్రామాలాడతారా? ఆమెకేమైనా అయితే బాధ్యత మీదే!"

అక్క అతని టేబులు మీద రెండు చేతులూ మోపి వంగింది. బట్టల సోడా నీళ్ళు తినేసిన వేళ్ళు, పగిలిన గోళ్ళు. "మా అమ్మని వీపున మోస్తుంటే మొహం మీద తలుపు వేశావు. ఆ రోజు తెలియలేదా బాధ్యత? ఎన్నిసార్లు మధ్యలో ఆగిపోయిందో తెలుసా ఆమె ఊపిరి? ఇవ్వరా తాళం!"

ఇవ్వలేదు. పోలీసులకి ఫోన్ చేశాడు. మేము నేల మీద కూర్చున్నాం.

పోలీసులొచ్చి, పెద్దమ్మని చూసి గేటు దగ్గరే ఆగారు. గంటలు గడుస్తున్నాయి. పెద్దమ్మ కాళ్ళు వాచాయి. మాట మాటకీ ఎగశ్వాస వస్తోంది. డయాలిసిస్ వేళ దాటిపోతోంది. అక్క తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, పద. ఆస్పత్రికి పోదాం."

"పోను. తాళం ఇచ్చేదాకా కదలను. నేను లేస్తే వీళ్ళని బయటికి గెంటేస్తారు. నన్ను చూసే ఇంతసేపు ఆగారు."

"చచ్చిపోతావమ్మా!"

"చస్తే వీడి గదిలో చస్తాను. అప్పుడైనా తెలుస్తుంది లోకానికి."

కొందరికి అదే న్యాయంగా కనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆమె ఉంటే పోలీసులు చెయ్యి చేసుకోరని నాకూ అనిపించింది. క్రేను లేచి నిలబడ్డాడు. మా అందరి వైపూ చూశాడు.

"సిగ్గులేదా మనకి? ఆమె ప్రాణం అడ్డం పెట్టుకుని మనం గెలవాలా? వాడికీ మనకీ తేడా ఏంటి?" పెద్దమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వు బతకాలనే కదా ఇంత గొడవ. నువ్వు పో. నీ బదులు మేమందరం కూర్చుంటాం. మమ్మల్ని నమ్మవా?"

పెద్దమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. "కదలరుగా?"

"కదలం," అన్నాం. మాస్టారి గొంతే అన్నిటికంటే గట్టిగా వినపడింది.

అక్కా, ఇంకో ముగ్గురూ ఆమెని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళారు. ఆటో గేటు దాటిందో లేదో, పోలీసులు మా మీదికి దిగారు. పెద్దమ్మ అన్నంతా అయింది. జుట్టు పట్టి లాగారు. మేం చేతులు చేతులు పెనవేసుకున్నాం. మాస్టారి కళ్ళజోడు బూటు కింద నలిగింది. క్రేనుని లేవదీయడానికి నలుగురు పట్టి, చేతకాక లాఠీలు తీశారు. అతను చెయ్యెత్తలేదు. లేవనూ లేదు. నెత్తురు చెవి మీదుగా కారుతుంటే "తాళం! తాళం!" అని అరుస్తూనే ఉన్నాడు. అందినవాళ్ళని అందినట్టు పోలీసు వ్యానులో కుక్కారు. నన్నూ కుక్కారు.

స్టేషన్లో ఇనస్పెక్టరు ఒక కాగితం ముందు పెట్టాడు. ఇకమీద ఆఫీసు గుమ్మం తొక్కబోమని సంతకాలు పెట్టి ఇంటికి పొమ్మన్నాడు. "చదువుకున్నవాళ్ళు, మీరైనా చెప్పండి," అన్నాడు మాస్టారితో.

"కళ్ళజోడు పగిలిందండీ. ఏమీ కనిపించడం లేదు," అన్నాడు మాస్టారు.

ఎవరమూ సంతకం పెట్టలేదు. లాకప్పులో ఒకరి మీద ఒకరం పడి కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా బయట గొడవ వినపడింది. పెద్దమ్మ గొంతు. డయాలిసిస్ చేయించుకున్న రోజు ఆమె నోరు తెరిచే ఓపిక ఉండదు. అలాంటిది కటకటాల దాకా వినపడుతోంది.

"ఇంటికి పో ముసలమ్మా, ఇక్కడేం పని నీకు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"మా ఇల్లు తొమ్మిదో అంతస్తు. లిఫ్టు తాళం వాడి దగ్గరుంది. నన్ను మోసేవాళ్ళు నీ లాకప్పులో ఉన్నారు. నువ్వు మోస్తావా? మోస్తానంటే పద, ఇప్పుడే పోదాం."

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. పెద్దమ్మ స్టేషను వాకిట్లో కూర్చుంది. అక్క ఆమె పక్కన కూర్చుంది. మా పిల్లలు, మా ముసలివాళ్ళు, వ్యానులో పట్టక మిగిలినవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

చీకటి పడకముందే రోడ్డు మీద ఇంకో గుంపు కనిపించింది. ముందు బ్లాకుల జనం. పొద్దున బాల్కనీల్లోంచి చూసినవాళ్ళు. గుంపులోంచి ఒకామె, మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు ఇంకా తియ్యనే లేదు, ముందుకొచ్చి మొహమాటంగా నిలబడింది. "మాదీ అద్దె ఇల్లేనండీ. మాకూ వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు ఖాళీ చెయ్యమని. మా ఒక్కళ్ళకే అనుకున్నాం."

"పొద్దున దిగొచ్చుంటే ఇంతమందికి నెత్తురు కారేది కాదు," అంది అక్క. ఆ మాట కఠినంగానే ఉంది. వచ్చినామె తల దించుకుంది, కానీ వెనక్కి పోలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూర్చో," అంది పెద్దమ్మ. "వాళ్ళందరినీ బయటికి తెచ్చుకుని, అందరం కలిసి మళ్ళీ ఆ ఆఫీసుకే పోదాం."

వాళ్ళు కూర్చున్నారు. వాకిలి నిండి, మెట్లు నిండి, గుంపు రోడ్డు మీదికి పారింది. బస్సులు ఆగిపోయాయి. ఇనస్పెక్టరు ఫోన్లో ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు: "లేదు సార్, పోవట్లేదు సార్. వెనక బ్లాకు ఒక్కటే కాదు సార్, మొత్తం కాంప్లెక్సే వచ్చేసింది."

క్రేను తలకి కట్టు కట్టిన గుడ్డ సర్దుకుని లేచాడు. రెండు చేతులతో కటకటాలు పట్టుకున్నాడు. "తాళం!" అని కేకేశాడు.

బయటినుంచి వీధి వీధంతా జవాబిచ్చింది.